సజ్జా క్యాంపుల లూచియమ్మ పండుగ

"తాతా, చపాతీలు చేసిన, ఒక్కటన్న ముట్టలేదేంది? పానం మంచిగ లేదా?"

పానానికేం రోగమొచ్చింది బిడ్డా, గుండ్రాయి లెక్కనే ఉన్న. చపాతి ఒక్కటే వద్దు. అన్నం ఉంటె పెట్టు, నిన్నటిదైనా సరే, ఇంత పెరుగు పోసియ్యి. నీ చపాతికి వంక పెడ్తున్న అనుకోకు. మెత్తగనే చేసినవు, చూస్తనే తెలుస్తున్నది, నేను వంటోన్ని గద. ఇయ్యాల తారీకెంత? పదమూడు గద. డిసెంబర్ పదమూడు. నువ్వు కొత్తగ వచ్చినవు మా ఇంట్లకు, నీకు ఎవ్వలు చెప్పలే. నా మనుమడు చెప్పాలె. వానికి యాదుంటె గద, వానికి ఆఫీసొకటి ఫోనొకటి, ఇంకేం పట్టదు. ఇయ్యాల నేను గోధుమ పిండి ముట్ట. రొట్టె ముట్ట, బ్రెడ్డు ముట్ట, చాయల బిస్కీట్ గూడ ముట్ట. ఏడాదిల గీ ఒక్కటే దినం. ఇది ఏకాదశి గాదు, శనివారం గాదు. అసలు మనోళ్లది గానే గాదు. ఇటలీ అమ్మవారిది.

ఇగో, నవ్వుతున్నవు చూడు! నవ్వు, నవ్వు. ముందుగాల ఆ మిగిలిన పిండి మీద తడిగుడ్డ కప్పు, లేకుంటె ఎండి పెచ్చులు గడ్తది. ఆఁ. ఇగ కూసో.

మొన్న నీ మొగడు కార్ల తీస్కపోయి చూపెట్టిండు గద సజ్జా, షార్జా అవతల. ఇప్పుడు ఆడ ఫ్యాక్టరీలే ఫ్యాక్టరీలు, లారీలే లారీలు. నాకైతె మా జాగ యాడనో గుర్తే దొరకలే. గప్పుడు ఏముండె? ఇసుక, ఒంటెలు, మా క్యాంపు. గ్యాసు దొరికింది ఆడ, దానికి పైపులు ఏసే పని. ఎనభైల నడుమ అనుకో. మనమిప్పుడుంటున్న ఈ మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ గిటీ ఏం లెవ్వు గప్పుడు, ఈడ గూడ ఇసుకనే. నేను మెస్సుల ఉస్తాద్‌ని. ఉస్తాద్ అంటె పెద్ద వంటోడు. ఉట్టిగ చెప్తలేను, క్యాంపు క్యాంపంత నా చేతి కూడే తిన్నది. దిర్హం అంటె మూడు రూపాల చిల్లర గప్పుడు. నీకు నవ్వొస్తది గని, ఆ మూడు రూపాల కోసమే జగిత్యాల దిక్కు నుంచి, నిర్మల్ దిక్కు నుంచి ఊర్లకు ఊర్లు లేసి వచ్చినయి.

మెస్సుల మూడు తీర్ల వంట. మనోళ్లకు అన్నం గంజు నాది. పఠాన్లకు రొట్టె, తందూర్ వాల్లదే, దాని మీద గుల్‌ఖాన్ అని ఒకడుండె. అబ్బో, వాడు తందూర్ దగ్గరికి నన్ను గూడ రానిస్తలేకుండె. తన పెండ్లాం మీద గూడ అంత కావలి పెట్టడు ఎవ్వడు. ఇగ మూడోది దొరలది. ముదీర్‌కు, అంటె మా మీద మేనేజరుకు, ఇంకో నలుగురైదుగురు గోరె దొరలకు బ్రెడ్డు, గుడ్డు, సూపు. ఆ దొరలల్ల ఒకడు తూరి సాబ్.

అసలు పేరు బారెడుండె, మాకు నోరు తిరుగక తూరి అంటుంటిమి అందరం. వెల్డింగ్ ఫోర్‌మన్. ఇటలీ అంటుంటిమి గని ఆయనకు కోపమొచ్చేది. "ఇటలీ నహీ, సిసిలీ! చారోఁ తరఫ్ పానీ!" అనెటోడు. సముద్రం నడుమల దీవి అన్నట్టు. మనం తెలంగాణ అనాలె, ఆంధ్రా అంటె ఊకోం గద, గట్లనే. పొట్టి మనిషి, మెడ ఉందా లేదా అన్నట్టుండె. సగం హిందీ నోటితోటి, సగం చేతులతోటి మాట్లాడుతుండె. తిట్లు మాత్రం పురాగ నోటితోటే.

ఇగ రాజేశం. రాజేశం ఎవలనుకున్నవు? నా చెల్లె లస్మి మొగడు. నేనే వీసా తీపిచ్చిన. లస్మి పెండ్లికి నేను పోలే, సెలవియ్యలే నాకు, అందుకే దాని మొగన్ని తెచ్చుకొని నా దగ్గర పెట్టుకుంటి. రేపు చెల్లెకు అన్న ఏం చేసిండు అంటె గిది చేసిండు అనాలె అని. తూరి సాబ్ గ్యాంగులనే ఏసిన్రు వాన్ని, గ్రైండర్ పట్టే పని. మాటకారి, బక్కపలచగ ఉంటుండె. పని మంచిగ నేర్చిండు. తూరి సాబ్ వాన్ని "రాజా, రాజా" అనుకుంట తిరిగేది.

నవంబర్ ఆఖరుల ఒకదినం పొద్దుగాల మంచు. సజ్జాల మంచు అంటె సాపిన చెయ్యి కనవడది బిడ్డా. అద్దాలకు తేమ పట్టి ఏం కనవడ్తలేదని, తీసి నెత్తి మీద పెట్టుకున్నడు మావోడు. గ్రైండర్ వట్టిండు. డిస్కు పలిగింది. ఆ ముక్కలు పోయి రెండు కండ్లల్ల.

నేను గంజుల బియ్యం పోస్తున్న గప్పుడు. ఎవడో ఉరికొచ్చి "ఉస్తాద్, రాజేశం" అన్నడు. నేను పోయేటాలకు తూరి సాబ్ వాన్ని పసివిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి పికప్పుల కూసోపెట్టి యల్లా అని ఉరికిచ్చిండు. షార్జా దాక ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి వాని నెత్తి మీద. నేను ఎనుక డబ్బాల కూసున్న.

సర్కారు దవాఖానల ఆపరేషన్ చేసిన్రు. రెండు కండ్లకు పట్టి. డాక్టర్ చెప్పిండు, ముక్కలు తీసినం, కుట్లు ఏసినం, పట్టి విప్పినంకనే ఏదన్న తెలుస్తది, ఇప్పుడే ఆశ పెట్టుకోకుర్రి అని. పట్టి విప్పేది డిసెంబర్ పద్నాలుగున అన్నరు. ఆడ ఒక నర్సుండె, మన తెలుగు పిల్లనే, భీమవరం దిక్కు. "అన్నయ్యగారూ, మీరు ధైర్యంగా ఉండాలండి, మీరే ఇలా అయిపోతే ఆయనకి ఎవరండి చెప్తారు" అన్నది నాకు. మంచి పిల్ల. ధైర్యం యాడికెల్లి తేవాలె? కండ్లు పోతె కంపెనీ టికెట్ చేతుల పెట్టి పంపిస్తది, ఖలాస్. మరి లస్మికి ఏం చెప్పాలె? నీ మొగన్ని కండ్లతోటి తీస్కపోయిన, కండ్లు లేకుండ తెచ్చిన అనాల్నా? దానికి కబురు పంపుడు నాతోని గాలే. ఊర్లె నుంచి ఎవలన్న వస్తె మొఖం దాసుకొని తిరిగిన.

రాజేశం మాత్రం మంచం మీద పండుకొని ఒక్కటే మాట అడుగుతుండె. "బావా, ఇప్పుడు పగలా, రాత్రా?" పోయిన ప్రతిసారి గదే మాట.

తూరి సాబ్ రెండు దినాలు మెస్సుకు రాలే. నాకు తిక్క లేసింది. తిండి తినకుంటె కండ్లొస్తయా అని ప్లేట్ల కూడు పెట్టుకొని వాని క్యాబిన్‌కే పోయిన. పోయి చూస్తె గోడకు ఒక పటం. ఒక ఆడిపిల్ల నిలవడ్డది, సక్కని పిల్ల, చేతుల పల్లెం, ఆ పల్లెంల రెండు కండ్లు! అవ్వతోడు బిడ్డా, నా ఒళ్లు జలదరిచ్చింది. మన పోచమ్మకు కండ్ల కలకలొచ్చినప్పుడు వెండి కండ్లు మొక్కుతం గద? మా అవ్వ నా చిన్నప్పుడు మొక్కింది నాకు. గవే కండ్లు, పల్లెంల ఉన్నట్టున్నయి. ఎవలీమె అన్న.

అప్పుడు చెప్పిండు. ఆయన హిందీ నీకు అర్థం గాదు, నేను మన తీరుగ చెప్త. ఆమె పేరు లూచియా. వాల్ల ఊరి పిల్లనే అట. వెనుకట రాజుల కాలంల పెండ్లి వద్దు, నాకు దేవుడే అన్నదట, పట్టుకపోయి కండ్లు పీకిపిచ్చిన్రట, దేవుడు మల్ల ఇచ్చిండట. ఆమె కండ్ల తల్లి. డిసెంబర్ పదమూడు ఆమె దినం. ఆ దినం ఊరు ఊరంత కదులుతదట. వెండి అమ్మవారిని ఆకుపచ్చ టోపీలు పెట్టుకున్న మొగోళ్లు భుజాల మీద మోస్తరట, ఎనుక మొక్కున్నోళ్లు చెప్పుల్లేకుండ నడుస్తరట, సలికాలంల రాళ్ల మీద. "మా ఊరి పిల్ల, మా ఊరి పిల్ల" అని ఒర్లుతరట. మరి రొట్టె? అంటె, ఒకపారి అక్కడ కరువొచ్చిందట. పిల్లజెల్ల మాడి సస్తున్నరట. ఆమె దినం నాడు గోధుమల పడవొకటి దానంతల అదే వచ్చి రేవుల ఆగిందట. పిండి పట్టేదాక ఎవల పానం ఆగుతది? గోధుమలను గోధుమలోలె ఉడకేసుకొని తిన్నరట. అందుకని ఆ దినం పిండి ముట్టరు. గోధుమ గుడాలు తింటరు. అన్నం తింటరు.

ఆ మాట విని నాకు మా అవ్వ యాదికొచ్చింది. మనం జూడలేదా కరువు? నా చిన్నప్పుడు మా అవ్వ జొన్నలు ఇసిరేదాక గూడ ఆగలే, ఉడకేసి పిడికెడు పిడికెడు పెట్టింది మాకు, అప్పుడు లస్మి చంకల పిల్ల. యాడి సిసిలి, యాడి మా ఊరు! ఆకలి అన్ని దిక్కుల ఒక్కతీరే వంట చేస్తది గావచ్చు.

తూరి సాబ్ అన్నడు, "ఉస్తాద్, రాజా కండ్ల కోసం నేను మొక్కిన. కని మా అమ్మ చెప్తది, ఒక పొయ్యి మీద తినెటోళ్లందరు పిండి ముట్టకుండ ఉండాలె. ఒక్కడు రొట్టె తిన్నా మొక్కు మొక్కు గాదు. ఈడ మన పొయ్యి ఒక్కటే గద."

అన్నం తినెటోళ్లం మాకేం, మాకది పండుగే. కని పఠాన్లను రొట్టె వద్దంటె ఎట్ల? అందుల ఆసారి పదమూడు జుమ్మా దినం వడ్డది, శుక్రవారం. వాల్లకు వారానికి ఒక్క సెలవు, నమాజు చేసొచ్చి మాంసం, వేడి వేడి రొట్టె. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటరు గద, మాకు గుల్‌ఖాన్ ఉండనే ఉండె పూజారి.

నేను పోయిన. దూరంనించే అన్న, ఎందుకంటె వాని చేతుల ఆ తందూర్ సలాక ఉండె. "ఖాన్ సాబ్, జుమ్మా నాడు తందూర్ బంద్ పెట్టాలె" అన్న. వాడు నా దిక్కు చూసిన చూపు, మేకను చూసినట్టు చూసిండు. "దిమాగ్ ఖరాబ్ హై క్యా? పఠాన్ రొట్టె లేకుండ ఉంటడా? నీ అన్నం తిని నేను ఆడిదాన్ని గావాల్నా?" అన్నడు. నాకు సుర్రుమన్నది. నేను గూడ ఏదో అన్న, చిన్నపిల్లవు, నీకు చెప్ప. ఆఖరుకు అన్న, అబద్దం చెప్పొద్దు అనిపిచ్చింది, "ఇది తూరి సాబ్ మొక్కు. వాల్ల తల్లిది. రాజేశం కండ్ల కోసం" అన్న.

సలాక కిందవెట్టిండు. "రాజేశం కండ్ల కోసమా? ఆ మాట ముందుగాల చెప్పవేందిర బేవకూఫ్! ఇంతసేపు నాతోని లొల్లి పెట్టుకున్నవు" అన్నడు. అంతే. మల్ల ఇంకో మాట లేదు. నాకైతె వాన్ని కావలిచ్చుకుందామనిపిచ్చింది, కని ఆ సలాక ఇంకా కాలుకుంటనే ఉండె.

పదమూడు నాడు వాడేం చేసిండో ఎర్కేనా? తందూర్ మీద రేకు మూత పెట్టి, దాని మీద పీట ఏసుకొని కూసున్నడు! పొద్దుగాల నుంచి. నమాజుకు పోయినప్పుడు తన తమ్మున్ని కూసోపెట్టి పోయిండు. ఒక పంజాబీ డ్రైవర్ ఉండె, చాటుకు తన రూంల స్టవ్ మీద పరాటా చేసుకుందామని పిండి పిసుక్కుంటుండె, గుల్‌ఖాన్ పోయి పిండిగిన్నె గుంజుకొచ్చి నా చేతుల పెట్టిండు. ముదీర్ పొద్దుగాల టోస్టు ఏది అన్నడు. టోస్టు మిషిన్ కరాబైంది సాబ్ అన్న. మరి ఉట్టి బ్రెడ్డియ్యి అన్నడు. బ్రెడ్డుకు బూజొచ్చింది సాబ్ అన్న. అన్నం మీద గుడ్డు ఏసిచ్చిన. నా మొఖం దిక్కు, ప్లేటు దిక్కు చూసి ఏమనుకున్నడో, తిన్నడు. తరువాత తెలిసింది, తూరి సాబ్ ఆయనకు ముందే చెప్పిండట. నా అబద్దాలన్ని ఇనుకుంట కూసున్నడు మనిషి!

ఇగ గోధుమలు. అరబ్బులు హరీస్ అని వండుకుంటరు గద, ఆ గోధుమలు షార్జా సూక్‌ల, అంటె బజార్ల, దొరుకుతయి. సంచెడు తెచ్చి మూడు దినాల ముందే నానవెట్టిపిచ్చిండు తూరి సాబ్. నీళ్లు మార్చుమన్నడు, మార్చిన. పొద్దుగాల పొయ్యి మీద పెట్టిన. నేను రాజేశం దగ్గరికి పోయొచ్చిన దవాఖానకు. రేపు పట్టి విప్పుతరు, వాడు ఆ దినం పగలా రాత్రా అని గూడ అడుగలే. అది నాకు ఎక్కువ భయమైంది. వచ్చిన, గోధుమలు మంచిగ పలిగి ఉడికినయి. నా మనసు ఈడ లేదు, చేతులు వాటి పని అవి చేసుకపోతున్నయి. పెద్ద కడాయిల నూనె, ఆవాలు, ఎండు మిరపకాయలు, ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ, బొంబాయి నుంచి ఎవలో తెచ్చిన కల్యామాకు ఎండుదుండె, అది గూడ. సుయ్యిమని పోపు వెట్టి గోధుమలల్ల కలిపిన. ఉప్పు, కారం. గుడాలు గద మరి!

అప్పుడొచ్చిండు తూరి సాబ్. చేతుల చక్కెర బస్తా, తేనె సీస, ఇరిగిన పాలు ఒక గిన్నెల. గంజు మూత తీసిండు. చూసిండు. ఆవాలు చూసిండు. మిరపకాయ ఒకటి పట్టి పైకి లేపిండు. "ఉస్తాద్, యే క్యా హై?" అన్నడు ఏడుపు గొంతుతోటి. అది చక్కెరేసి తియ్యగ తినేదట! నాకెవడు చెప్పిండు? ఉడకవెట్టుమన్నడు, ఉడకవెట్టిన. గుడాలకు పోపు వెట్టకుంట ఎవడన్న తింటడా? "మొక్కు నీది, చెయ్యి నాది, నీ నోట్లె నాలుకున్నది గద, ముందుగాల చెప్పద్దా?" అని నేనే ఎదురు లొల్లి పెట్టిన. నన్ను ఇప్పుడడిగినా గదే అంట. కని లోపల మాత్రం భయం పట్టుకున్నది బిడ్డా. మొక్కు చెడగొట్టిన్నా, రాజేశం కండ్లు నా పోపుల పోసిన్నా అని.

తూరి సాబ్ ఒక చెంచెడు నోట్లె పెట్టుకున్నడు. నమిలిండు. మొఖం ఎర్రగైంది, ముక్కు కారింది, కండ్లల్ల నీళ్లు. "కోయీ బాత్ నహీ. పిండి లేదు గద. పిండి లేకుంటె చాలు తల్లికి" అన్నడు. ఇంకో చెంచెడు తిన్నడు.

పొద్దుగూకంగ ఊరేగింపు. ఊరేగింపంటె ఏముంది, గోడకున్న పటాన్ని స్కఫోల్డింగ్ పలక మీద నిలవెట్టి తాడుతోటి కట్టినం. ఆకుపచ్చ టోపీలు లెవ్వు గద, మా గ్యాంగోళ్లు నెత్తికి ఆకుపచ్చ రుమాలు చుట్టుకున్నరు. ముంగట తూరి సాబ్, ఎనుక నేను, ఇంకో ముగ్గురు దొరలు, మా దిక్కు పోరలు ఓ ఇరువై మంది. పాల డబ్బాలల్ల ఇసుక పోసి కొవ్వొత్తులు పెట్టి క్యాంపు పొంటి వరుసకు పెట్టినం. చెప్పుల్లేకుండ నడిసినం. డిసెంబర్ ఇసుక సల్లటిది, పాదాలు కొంకర్లు పోయినయి. లొల్లి లేదు, డప్పు లేదు, కాంపౌండ్ లోపలనే. తూరి సాబ్ మెల్లగ అన్నడు, మా ఊరి పిల్ల అని వాల్ల భాషల. ఆయన ఎనుక మన పోరలు గూడ "మా ఊరి పిల్ల" అన్నరు తెలుగుల. పోచమ్మను గట్లనే అంటం గద మనం, ఊరి ఆడిబిడ్డ అని. పఠాన్లు రాలే. వాల్లు బొమ్మలకు మొక్కరు, అది వాల్ల ధర్మం. కని మా దారికి అడ్డమున్న లారీని జరిపిన్రు, గాలికి ఆరిన కొవ్వొత్తులు గుల్‌ఖానే అగ్గిపుల్ల గీసి మల్ల ముట్టిచ్చిండు, పీట మీదికెల్లి లేసొచ్చి.

ఇగ అందరం కలిసి తిన్నం. పఠాన్లు పోపు గుడాల మీద చక్కెర పోసుకొని తిన్నరు! నిజం చెప్తున్న. కారం, తీపి కలిపి కొట్టిన్రు, మస్తుందన్నరు.

తింటుంటె నేను తూరి సాబ్‌ను అడిగిన, మీ అమ్మ ఏం మొక్కు మొక్కింది, దేనికోసం ఉంటది గీ దినం అని. ఆయన చెంచ కిందవెట్టిండు. "మా అమ్మకు కండ్లు లెవ్వు" అన్నడు. తూరి సాబ్ పుట్టినంక కొన్నేండ్లకు పోయినయట. అప్పటిసంది ప్రతి ఏడు ఉంటదట, చెప్పుల్లేకుండ నడుస్తదట, ఆయన భుజం పట్టుకొని. మరి వచ్చినయా అన్న. రాలే అన్నడు.

బిడ్డా, నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. లేసి నిలవడ్డ. "కన్నతల్లికి ఇయ్యని అమ్మవారు మా రాజేశంకు ఇస్తదా? మరి ఎందుకు చేపిచ్చినవు ఇదంత? ఇంతమంది నోటికాడి రొట్టె ఎందుకు గుంజినవు? నా చెల్లె బతుకుతోని ఆట ఆడుతున్నవా?" అన్న. అందరు నా దిక్కే చూస్తున్నరు. తూరి సాబ్ కోపం చెయ్యలే. "ఉస్తాద్, ఇయ్యకపోతె అడుగుడు బంద్ చెయ్యాల్నా? మా అమ్మ బంద్ చెయ్యలే, నేనెవన్ని బంద్ చెయ్యడానికి" అన్నడు. నేను కూసున్న. నాకు ఏడుపొచ్చింది, అందరి ముంగట ఏడ్సిన, సిగ్గేముంది.

తెల్లారి పోయినం. గుల్‌ఖాన్ గూడ వచ్చిండు, పనికి నాగ పెట్టి. డాక్టర్, ఆ భీమవరం నర్సు ఉన్నరు. కిటికీ పరద ఏసిన్రు. ఆ పిల్ల మెల్లమెల్లగ పట్టి ఇప్పింది. "తొందరేం లేదండి, నెమ్మదిగా తెరవండి అన్నయ్యగారూ" అన్నది. కుడి కన్ను ముందు. డాక్టర్ బత్తి ఏసిండు. రాజేశం ఏం లేదు అన్నడు. ఎలుగు? అంటె, ఏం లేదు అన్నడు మల్ల. తూరి సాబ్ నోట్లె ఏదో అనుకుంటున్నడు. ఇగ ఎడమ కన్ను. తెరిసిండు, మూసిండు, తెరిసిండు. నీళ్లు కారుతున్నయి. నాకైతె నూరేండ్లయినట్టున్నది.

"బావా, ఆ పఠాన్ ఎందుకు ఏడుస్తున్నడు?" అన్నడు.

నేను ఎనుకకు మర్రి చూసిన. గుల్‌ఖాన్, అంత పెద్ద మనిషి, తలుపుకాడ నిలవడి గడ్డం తడిపేసుకున్నడు. ఓ దేవుడా! ఆ నర్సుపిల్ల గూడ ఏడ్సింది, డాక్టర్ నవ్విండు. కుడి కన్ను రాలే బిడ్డా, అది పోయింది పోయింది. ఎడమది దక్కింది. ఒక్క కన్నుతోటి ఆ క్యాంపులనే స్టోరుల పని ఇప్పిచ్చిండు ముదీర్, ఎన్నో ఏండ్లు చేసిండు. లస్మికి గప్పుడు చెప్పిన నేను. ఏడ్సింది, తిట్టింది, ఆఖరుకు ఒక్కటన్న ఉన్నది గద అన్నది.

ఆ దినమే రాజేశంను దవాఖానోళ్లు ఇడిసిపెట్టిన్రు. క్యాంపుకు రాంగనే తూరి సాబ్ ముదీర్ ఆఫీసులకు ఉరికిండు ఫోనుకు. గప్పుడు ఫోనంటె ఏమనుకున్నవు, నీ చేతులున్నట్టుగాదు. ఆపరేటర్‌కు చెప్పి, గంటలు గంటలు కూసోవాలె, నిమిషానికి దినం కూలి పోతది. దొరికింది. ఆయన ఒర్లుతున్నడు "మమ్మా, మమ్మా" అని. మేం తలుపుకాడ నిలవడ్డం, నేను, రాజేశం. చెప్పిండు, చేతులూపుకుంట చెప్పిండు. ఆమెకు కనవడయి గద ఆ చేతులు, అయినా ఊపుతనే ఉన్నడు. ఉన్నట్టుండి ఆ చేతులు దించిండు. వింటున్నడు. మొఖమంత నీళ్లు.

నాకు భయమైంది, ముసలామె ఏమనుకున్నదో అని. గన్నేండ్లు అడిగింది తనకోసం, వచ్చింది ఇంకెవలకో, మనిషన్నంక కడుపుల మండదా? ఏమన్నది సాబ్ అన్న. తూరి సాబ్ ఫోన్ ఛాతికి ఒత్తుకొని చెప్పిండు. "ఇచ్చింది గద అంటున్నది అమ్మ. ఎవలకిస్తెనేంది, ఇచ్చింది గద. నా ముంగట ఎవలో నిలవడ్డరు వరుసల, వాల్లకు వచ్చింది అంటున్నది."

మల్ల ఏదో వినిపిచ్చింది ఫోన్‌ల. తూరి సాబ్ రాజేశంను పిలిచిండు, "మాట్లాడు రాజా, నీ గొంతు వింటదట" అన్నడు. మావోనికి ఏం మాట్లాడాల్నో తెల్వది. ఫోన్ చెవికి పెట్టుకొని "అమ్మా" అన్నడు. ఇగ ఆమె మొదలువెట్టింది, మాకందరికి ఇనవడేటట్టు. వాల్ల భాషల. మావోనికి ఒక్క ముక్క అర్థమైతదా? అయినా "ఆఁ అమ్మా, ఆఁ అమ్మా" అనుకుంట తల ఊపుతున్నడు. తూరి సాబ్‌ను అర్థం చెప్పుమంటె, ఆయన కుర్చీల కూసొని రెండు చేతులల్ల మొఖం దాసుకున్నడు, చెప్పలే. తరువాత గూడ చెప్పలే. ఆపరేటర్ నడుమలకొచ్చి టైమైంది అంటున్నడు, ఆమె ఆగది, వీడు పెట్టడు.

రాజేశం పానం పోయిందాక నన్ను అడిగెటోడు, బావా, ఆ తల్లి ఏమన్నది అప్పుడు అని. నాకేం ఎర్క బిడ్డా. కండ్లు లేని తల్లి కండ్లొచ్చిన పిలగానితోటి అంతసేపు మాట్లాడిందంటె, దీవెనే అయ్యుంటది. ఇంకేమంటది...